రాజ్యాంగ సభలో మన కాకినాడ అమ్మాయి

(కాకినాడలోని ఒక మహిళా కళాశాలలో రాజనీతి శాస్త్రం విద్యార్థినులకు ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా అమ్మా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు కాబట్టి మైకు ఆగిపోయినా మీకు ఇబ్బంది ఉండదు.

రెండేళ్ల క్రితం ఢిల్లీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పటి సంగతి ఒకటి చెబుతాను. మెట్రోలో పింక్ లైన్ అని ఒకటుంది. అందులో ఒక స్టేషన్ పేరు ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’. రైల్లో ఆ పేరు చెప్పగానే నాకు ఊళ్లో చుట్టం కనిపించినట్టయింది. పక్క సీట్లో కాలేజీ కుర్రాడు ఒకడున్నాడు. ఉత్సాహం ఆపుకోలేక, ఈవిడ మా ఊరావిడ అన్నాను. దేశ్‌ముఖ్ అంటే మహారాష్ట్ర కదా ఆంటీ అన్నాడు. కాదు బాబూ, తెలుగావిడ, రాజమండ్రిలో పుట్టింది, కాకినాడలో పెరిగింది, దేశ్‌ముఖ్ పెళ్లయ్యాక వచ్చిన పేరు అని చెప్పాను. ఆవిడ ఏం చేసింది అని అడిగాడు. టక్కున ‘సంఘ సేవ’ అనేశాను. వాడు ఓహో అని ఫోన్లోకి వెళ్లిపోయాడు.

వాడి తప్పేం లేదు. సంఘ సేవ అన్న మాట విన్నాక ఇంకో ప్రశ్న ఎవరికీ తోచదు. రొట్టెలు, దుప్పట్లు, కుట్టు మిషన్లు కళ్ల ముందుకొస్తాయి, అక్కడితో సరి. క్లాసులో బోర్డు మీద నేనూ అన్నేళ్లూ ‘ప్రముఖ సంఘ సేవకురాలు’ అనే రాశాను. రాజ్యాంగ సభ అధ్యాయంలో అంబేడ్కర్, నెహ్రూ, పటేల్, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అని చెప్పుకుంటూ పోయి, చివర్లో ‘మహిళా సభ్యులు 15 మంది’ అని ఒక్క వాక్యంతో ముగించేదాన్ని. ఆ పదిహేను మందిలో ఒకే ఒక్క తెలుగావిడ అక్కడ ఏం మాట్లాడిందో నేను చదివింది రిటైరయ్యాకే. అంతకాలం చదవకుండానే పాఠం చెప్పాను. ఇవాళ ఆ బాకీ తీర్చుకోవడానికి వచ్చాను.

మీ ఊరి కథలతోనే మొదలుపెడతాను. మీకు తెలిసినవే, కానీ నేను చెప్పే తీరు కాస్త వేరు.

1921 ఏప్రిల్ 2. గాంధీ గారు కాకినాడ వస్తున్నారు. దుర్గాబాయికి పన్నెండో ఏడు నడుస్తోంది. ఊళ్లో దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయన్ని కలవాలని ఈ పిల్ల పట్టుబట్టింది. ఊరి పెద్దలు ఏమన్నారు? ఆయనకి ఇవ్వడానికి ఐదు వేల రూపాయల నిధి పోగుచేసుకురా, ఐదో పదో నిమిషాలు ఇప్పిస్తాం అన్నారు. 1921లో ఐదు వేలు! చిన్నపిల్ల ఎలాగూ తేలేదు, పీడా పోతుంది అనుకుని ఉంటారు. ఆ డబ్బు దేవదాసీలే కూడబెట్టి ఇచ్చారు. పెద్దలు చెప్పిన షరతు తీరింది. అప్పుడు సభకి చోటు దొరకలేదు. చివరికి టౌన్ హాలు దారిలో ఉన్న ఆవిడ స్కూలు ఆవరణ దొరికింది. పది నిమిషాలు అనుకున్న గాంధీ అక్కడ అరగంటకి పైనే మాట్లాడారు. ఆ స్త్రీలు గాజులు, గొలుసులు ఒలిచి ఇచ్చారు. అదంతా కలిపి పాతిక వేల దాకా అయిందంటారు.

ఆయన హిందీ ప్రసంగాన్ని ఆ పిల్ల తెలుగు చేసింది. అక్కణ్నుంచి టౌన్ హాలు సభకి వెళితే, అనువాదానికి కొండా వెంకటప్పయ్య పంతులు గారు సిద్ధంగా ఉన్నారు. గాంధీ గారు ఆయన్ని ఆపి, దుర్గ చెబుతుంది అన్నారు.

సాధారణంగా ఈ కథలో గాంధీ మెచ్చుకున్నారు అన్నది పెద్దది చేసి చెబుతాం. నాకు ఆ ఐదు వేల షరతే ముఖ్యంగా కనిపిస్తుంది. పెద్దవాళ్లు ఆమెకి ‘వీల్లేదు’ అని చెప్పలేదు. ఒక నిబంధన పెట్టారు. ఆమె ఏడవలేదు, అలగలేదు, నిబంధన నెరవేర్చి మళ్లీ వాళ్ల ముందుకొచ్చి నిలబడింది. ఇక వాళ్లు మాట మార్చడానికి వీల్లేకపోయింది.

రెండో కథ టికెట్టుది. 1923 డిసెంబర్‌లో ఇక్కడే కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు డ్యూటీ మన దుర్గాబాయిది. టికెట్ రెండణాలు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు. ఆపేసింది. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి, ఆయనెవరో తెలుసా అని కోప్పడ్డారు. తెలుసు, టికెట్ లేనివాళ్లని పంపొద్దని మీరేగా చెప్పారు అంది. వాళ్లు రెండణాలు పెట్టి టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. ఆ ఢిల్లీ స్టేషన్లోనూ టికెట్ లేనిదే గేటు తెరుచుకోదు, ఎవరికి తోచి పెట్టారో గానీ మంచి చోటికే ఆ పేరు పెట్టారు. (నవ్వులు)

చిన్న పిల్లల పుస్తకాల్లో ఇది నిజాయితీ కథ. సరే, నిజాయితీయే. కానీ ఇందులో ఇంకొకటి ఉంది. రాసిన నియమం నెహ్రూకైనా వాలంటీరుకైనా ఒకటేనని పద్నాలుగేళ్లకే నమ్మిన మనిషి, పెద్దయ్యాక నియమాలు రాసే సభలో కూర్చుంటే ఎలా ఉంటుంది? ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

మధ్యలో సొంత జీవితం గురించి నాలుగు ముక్కలు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. అబ్బాయి సుబ్బారావు, జమీందారీ కుటుంబం. పదిహేనేళ్లు వచ్చి కాపురానికి వెళ్లాల్సిన వేళ, తన దారి వేరని ఆయనకే నేరుగా చెప్పింది. మీరు మళ్లీ పెళ్లి చేసుకోండి అంది. తండ్రి, తమ్ముడు ఆమె వైపే నిలబడ్డారు. ఆయన మాయమ్మ అనే ఆవిడని చేసుకున్నారు. ఈ మాయమ్మ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

స్కూల్లో ఇంగ్లీషు మీడియం పెట్టారని ఆ చదువు వదిలేసి, ఇంట్లోనే ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టింది. ఊళ్లో వందల మంది ఆడవాళ్లు అక్కడ హిందీ నేర్చుకున్నారు. వాళ్లలో సొంత తల్లి కృష్ణవేణమ్మ గారు కూడా ఉన్నారు. ఇది కూడా గుర్తుంచుకోండి. ఇవాళ గుర్తుంచుకోవాల్సినవి కాస్త ఎక్కువే, ఏమనుకోకండి.

1930. ఉప్పు సత్యాగ్రహం. అప్పటికి మద్రాసు చేరింది. పెద్ద నాయకులు ఒక్కొక్కరూ జైలుకి వెళుతుంటే, ఇరవై ఏళ్ల అమ్మాయి చేతికి నాయకత్వం వచ్చింది. మే నెలలో అరెస్టు, ఏడాది శిక్ష. 1933 లోపు మొత్తం మూడుసార్లు జైలు. ఒకసారి మదురై జైల్లో ఏడాదిపాటు ఒంటరి గదిలో పెట్టారు. ఆ పక్క గదుల్లో ఉరిశిక్ష పడ్డ ఖైదీలు ఉండేవారు. అక్కడ ఆరోగ్యం బాగా దెబ్బతింది, తర్వాత చాలాకాలం కోలుకోలేదు.

అయితే ఆవిడని మార్చింది వెల్లూరు జైలు. అక్కడ హత్య కేసుల్లో శిక్ష పడ్డ మామూలు ఆడవాళ్లతో మాట్లాడేది. కొందరు అసలు నేరమే చెయ్యలేదు. ఇంట్లో మగవాళ్లు చేసిన నేరం నెత్తిన వేసుకున్నవాళ్లున్నారు. కోర్టులో ఏం చెప్పాలో తెలియక, ఏం రాసుకున్నారో చదవలేక, వేలిముద్ర వేసి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల కథలు విని ఆవిడ జాలిపడి ఊరుకోలేదు, లా చదవాలని నిర్ణయించుకుంది. మెట్రిక్ కూడా లేని మనిషి లా చదవాలనుకోవడం ఏమిటి చెప్పండి! పైగా ఇంగ్లీషు వద్దని బడి మానేసిన మనిషి.

బయటికొచ్చి బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాసింది, ఇంటర్ రాసింది. బీఏకి విశాఖపట్నం వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అప్పటికి ఆడపిల్లలకి హాస్టల్ లేదు. వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారిని అడిగితే, ఒక్కరి కోసం హాస్టల్ ఎలా పెడతాం అన్నారు. ఒక్కరే ఎందుకున్నారు, హాస్టల్ లేకపోవడం వల్లే కదా. అటు నుంచి చూస్తే అలా, ఇటు నుంచి చూస్తే ఇలా. దుర్గాబాయి పేపర్లో ప్రకటన ఇచ్చింది: విశాఖలో చదవాలని ఉండి, వసతి లేక ఆగిపోయిన అమ్మాయిలు నాకు రాయండి అని. పది మంది దాకా తేలారు. వాళ్లని చూపించాక హాస్టల్ వచ్చింది. మళ్లీ చూడండి, అదే ఐదు వేల పద్ధతి. మీలో ఎవరైనా హాస్టల్ నుంచి వచ్చారా? సగం చేతులు లేచాయి. మంచిది.

1942లో మద్రాసులో లా పట్టా తీసుకుని ప్రాక్టీసు పెట్టింది. ఈలోపు 1937లోనే మైలాపూర్లో ఇంటి దగ్గర చుట్టుపక్కల ఆడపిల్లల్ని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కి చదివించడం మొదలుపెట్టింది. ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అని ముద్దుపేరు. అదే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. మద్రాసులోనూ, హైదరాబాద్ విద్యానగర్‌లోనూ ఆసుపత్రులు, కాలేజీలు, అదంతా మీకు తెలుసు, అందుకే వేగంగా దాటేస్తున్నాను. అందరం అక్కడే ఆగిపోతాం కాబట్టే సంఘ సేవకురాలు అన్న పేరు ఖాయమైపోయింది.

ఇప్పుడు ఢిల్లీకి వెళదాం. 1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకి ఎన్నికైంది. ఆ సభ చర్చల సంపుటాల్లో ఆమె పేరు ‘శ్రీమతి జి. దుర్గాబాయి’ అని ఉంటుంది. జి అంటే గుమ్మడితల, పుట్టింటి పేరు. దేశ్‌ముఖ్ అని వెతికితే దొరకదు. నేను మొదట అలాగే వెతికి, ఏమీ మాట్లాడలేదేమో అనుకున్నాను! అధ్యక్షుడు లేనప్పుడు సభ నడపడానికి పెట్టిన ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆవిడే. ఏడు వందల యాభైకి పైగా సవరణలు ప్రతిపాదించిందని జీవిత చరిత్రలు చెబుతాయి. అంకె వింటే గొప్పగా ఉంటుంది. కానీ అంకె వదిలేసి రెండు మూడు సవరణల్లోకి వెళదాం. కాస్త ఓపిక పట్టండి, ఒక్కో మాట పట్టుకుని చూడాలి.

ఇప్పటి 25వ అధికరణం తీసుకోండి, మత స్వేచ్ఛ. ముసాయిదాలో అది 19. మత స్వేచ్ఛ ఉన్నా, ప్రజలందరికీ చెందిన హిందూ ఆలయాలను తెరిచేందుకు ప్రభుత్వం చట్టం చేయొచ్చు అని అందులో ఉంది. ఎవరికి తెరవాలి? ముసాయిదాలో ‘హిందువుల్లో ఏ వర్గానికైనా, విభాగానికైనా’ అన్న అర్థంలో రాశారు. వినడానికి బాగానే ఉంది కదా? లాయరు బుర్రతో చదివితే అందులో సందు కనిపిస్తుంది. ఏ వర్గానికైనా అంటే ఒక్క వర్గానికి తెరిచి, మేం తెరిచేశాం అని చేతులు దులుపుకోవచ్చు. 1948 డిసెంబర్‌లో దుర్గాబాయి లేచి, ఆ చోట ‘అన్ని వర్గాలకూ, విభాగాలకూ’ అని మార్చమంది. సభ ఒప్పుకుంది. ఇవాళ మీరు రాజ్యాంగం తెరిచి చూస్తే ఆ వాక్యం ఆవిడ చెప్పినట్టే ఉంటుంది. దేశంలో ఎక్కడ గుడి ప్రవేశం మీద తగాదా వచ్చినా లాయర్లు చూపించే వాక్యాల్లో అదొకటి. మార్చింది రెండు మూడు మాటలే. అలా ఉంటుంది చట్టం రాయడం. ఉపన్యాసం అదరగొట్టి చప్పట్లు కొట్టించుకునే పని కాదు. అర్ధరాత్రి దాకా ముసాయిదా చదివి, ఈ మాట ఉంటే రేపు ఎవడు దీన్ని ఎలా వాడుకుంటాడు అని ఆలోచించే పని.

ఇంకోటి. రాజ్యసభకి పోటీ చెయ్యాలంటే కనీస వయసు ఎంత? ముప్పై, కరెక్ట్. మొదట అనుకున్నది ముప్పై అయిదు. పెద్దల సభ కదా, జుట్టు నెరిసినవాళ్లు ఉండాలన్నది లెక్క. 1949లో దాన్ని ముప్పైకి దించమని సవరణ పెట్టింది దుర్గాబాయి. తెలివి వయసుని బట్టి రాదు, ఈ కాలపు పిల్లలు ప్రజా వ్యవహారాల్లో ముందున్నారు అన్నది ఆమె వాదన. ఆమెకి అప్పటికి ముప్పై తొమ్మిది, కాబట్టి తన కోసం కాదు. పన్నెండేళ్ల అమ్మాయిని కదా అని ఐదు వేలు తెమ్మన్న పెద్దలు ఆ క్షణంలో గుర్తొచ్చారో లేదో! ఇది నా ఊహ, నోట్సులో రాసుకోకండి. (నవ్వులు)

మూడోది భాష. నా మనసుకి బాగా తగిలింది ఇదే. 1949 సెప్టెంబర్, జాతీయ భాష మీద చర్చ. సభంతా వేడెక్కిపోయింది. దుర్గాబాయి వాదన ఏమిటంటే, దేశ భాష హిందుస్తానీ కావాలి, అంటే హిందీ, ఉర్దూ కలిసిన జనం భాష. గాంధీ గారి మాట అదే. కానీ సభలో కొందరు సంస్కృతం దట్టించిన హిందీనే కావాలని, అంకెలు కూడా నాగరి అంకెలే ఉండాలని పట్టుబట్టారు. అప్పుడావిడ చెప్పిన మాటల సారాంశం ఇది: దక్షిణాదిలో మేం ఎవరూ అడక్కుండానే, ఉత్సాహంతో హిందీ నేర్చుకున్నాం, నేర్పాం. ఆ ఉత్సాహానికి మీరిచ్చే ప్రతిఫలం ఇదా? మీ ఈ పట్టుదల వల్ల, హిందీ కోసం పనిచేసిన మాలాంటి వాళ్లమే మా ప్రజల ముందు ఇబ్బంది పడుతున్నాం. ఇతర భాషల బలం దేశ సంస్కృతి మీద పడకుండా అడ్డుకోవడానికే ఈ పోరాటమా అని హిందీ రాని ప్రాంతాలవాళ్లు అనుకుంటున్నారు.

ఈ మాట అనడానికి ఆ సభలో ఆమెకున్నంత హక్కు ఎవరికుంది చెప్పండి? కాకినాడలో తల్లిని బల్ల ముందు కూర్చోబెట్టి హిందీ అక్షరాలు దిద్దించిన మనిషి. ఇప్పటికీ టీవీలో భాష గొడవ వచ్చినప్పుడల్లా, ఒక పక్క హిందీ వద్దు అనేవాళ్లు, ఇంకో పక్క హిందీయే అనేవాళ్లు అరుచుకుంటుంటే నాకు ఆ ప్రసంగం గుర్తొస్తుంది. ఆ రెండు పక్కల్లో దేనికీ చెందని గొంతు అది. ప్రేమతో నేర్చుకున్న దాన్ని హుకుంగా మార్చొద్దు అన్న గొంతు.

మంచినీళ్లు ఇవ్వు తల్లీ. థాంక్స్.

తర్వాత హిందూ కోడ్ బిల్లు. కూతురికి ఆస్తి హక్కు, విడాకులు, ఒకరికి ఒకే పెళ్లి. అంబేడ్కర్ దానికోసం పోరాడుతుంటే, సభలో ఆయన వెంట గట్టిగా నిలబడ్డవాళ్లలో దుర్గాబాయి ఒకరు. సెలెక్ట్ కమిటీలోనూ ఉంది. బిల్లు ముందుకు కదల్లేదు. 1951 సెప్టెంబర్‌లో అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ చట్టాలే ముక్కలు ముక్కలుగా 1955, 56లలో వచ్చాయి. అప్పటికి దుర్గాబాయి పార్లమెంటులో లేదు.

ఎందుకు లేదు? ఇక్కడ మనం కాస్త తల వంచుకోవాలి. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయింది. ఆ ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెస్ గట్టి దెబ్బే తింది. కమ్యూనిస్టుల గాలి వీచింది, చాలామంది పెద్దలు కొట్టుకుపోయారు. అదొక కారణం. ఓటరుకి పార్టీని శిక్షించే హక్కుంది, అది నేను కాదనను. కానీ లెక్క చూడండి. 1946 నుంచి 1952 దాకా ఆరేళ్లు. దేశ చట్టసభలో ఆవిడ జీవితం అంతే. అంత పదును ఉన్న చట్టసభ సభ్యురాలు నలభై మూడేళ్లు నిండకుండానే చట్టసభకి దూరమైంది.

నెహ్రూ ఆమెని ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు, సాంఘిక సంక్షేమం చూడమన్నారు. టికెట్ అడిగిన వాలంటీరుని ఆయన మరిచిపోలేదనుకుందాం. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు ఎలా పంచాలి, ఎవరు పంచాలి? ప్రభుత్వ శాఖకి ఇస్తే ఫైళ్లలో కూరుకుపోతుంది, సంస్థలకే వదిలేస్తే లెక్క ఉండదు. మధ్యేమార్గంగా 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వచ్చింది. మొదటి చైర్మన్ ఆవిడే. పల్లెల్లో బాలవాడీలు, కాన్పు సాయం, చేతిపనులు మొదలయ్యాయి. 1958లో పెద్ద వయసు ఆడవాళ్లకి కుదించిన చదువు కోర్సులు పెట్టారు. బడి మధ్యలో ఆపేసినవాళ్లు, వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు రెండేళ్లలో పరీక్షకి తయారై టీచరుగానో నర్సుగానో నిలదొక్కుకునేలా. ఇదెక్కడి ఆలోచనో మీకు అర్థమయ్యే ఉంటుంది. మైలాపూర్ బృందావనమే! ఇంటి వరండాలో పెట్టిన క్లాసు దేశం మొత్తానికి పథకమైంది. స్త్రీ విద్య మీద జాతీయ కమిటీకి అధ్యక్షురాలిగా 1959లో నివేదిక ఇచ్చింది. ఆడపిల్లల చదువుకి విడిగా జాతీయ మండలి ఉండాలంది, అది వచ్చింది, దానికీ మొదటి అధ్యక్షురాలు తనే.

ఇదంతా గొప్ప పని. అయినా ఒక మాట అనాలనిపిస్తోంది, మీ లెక్చరర్లు ఒప్పుకోకపోవచ్చు. రాజకీయాల్లోకి వచ్చిన ఆడమనిషికి మనం ఏ శాఖ ఇస్తాం? స్త్రీ శిశు సంక్షేమం. అప్పుడూ అంతే, ఇప్పుడూ చాలాచోట్ల అంతే. గుడి ప్రవేశం వాక్యాన్ని దిద్దిన బుర్రని న్యాయ శాఖకి ఎందుకు అడగలేదు? ఆవిడ ఏ గదిలో కూర్చోబెడితే ఆ గదిలోనే చట్టం గురించి ఆలోచించింది, అది వేరే సంగతి. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసింది. మొగుడూ పెళ్లాల తగాదాలు హత్య కేసుల్లాగే మామూలు కోర్టుల్లో నలగడం ఏమిటని తిరిగొచ్చాక న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతో మాట్లాడింది, నెహ్రూతోనూ మాట్లాడింది. మన దేశంలో ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లయింది.

ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్ల పిల్లల కోసం 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిన సంగతి కూడా చెప్పాలి. మా మనవరాలి స్నేహితులు కొందరు ఆ బళ్లలోనే చదువుతున్నారు. రాజ్యాంగం రాసే రోజుల్లో ఆ తీరిక ఎక్కడిదో నాకు తెలీదు.

ఇక దేశ్‌ముఖ్ గారు. చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్, రిజర్వ్ బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరు, అప్పట్లో ఆర్థిక మంత్రి. భార్య పోయారు. 1953 జనవరి 22న ఇద్దరూ రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. ఆయనకి యాభై ఏడు, ఆవిడకి నలభై మూడు. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకరు. 1975లో ఇద్దరికీ ఒకే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. దుర్గాబాయి 1981 మే 9న పోయారు, తర్వాతి ఏడాది అక్టోబర్‌లో ఆయన.

బెల్లు కొట్టేశారు. ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి మేడమ్, మాయమ్మ గురించి చెప్పి దిగిపోతాను, గుర్తుపెట్టుకోండి అన్నాను కదా.

మాయమ్మ అంటే సుబ్బారావు గారి రెండో భార్య. మామూలుగా అయితే ఈ ఇద్దరి మధ్య మాటలే ఉండకూడదు. 1941లో సుబ్బారావు గారు పోయారు. జమీందారీ ఇంట్లో వితంతువు బతుకు ఎలా ఉంటుందో మీ అమ్మమ్మల్ని అడిగితే చెబుతారు. ఆ ఇంటివాళ్లు సరిగా చూడలేదు. హిందూ కోడ్ బిల్లు అప్పటికి ఎవరి బల్ల మీదా లేదు, విధవరాలికి ఆస్తిలో పూర్తి హక్కు అన్న మాటే లేదు. ఆ మాయమ్మ చివరికి దుర్గాబాయి దగ్గరికి వచ్చింది. దుర్గాబాయి ఆమెకి తన ఇంట్లో ఒక గది ఇచ్చి, నెలకింత పంపి ఊరుకోవచ్చు. అలా చెయ్యలేదు. హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభలో చేతిపనుల శిక్షణ కేంద్రంలో చేర్పించింది. మాయమ్మ అక్కడ పని నేర్చుకుని, టీచరై, తన జీతం తను తీసుకుంది.

అంతేనమ్మా. మైకు మీకిస్తాను. ప్రశ్నలుంటే అడగండి, ముందు ఆ మూడో వరసలో చెయ్యెత్తిన అమ్మాయి.